మఱపురాని గడియలు: ధాత కరువు జ్ఞాపకము

మనుష్యుని జీవితమున సామాన్యదినములే మెండు. అవి నీటిపై వ్రాసిన వ్రాతవలె చెరిగిపోవును. మొన్నటి మంగళవారమున నేమి భుజించితిమో నేడు చెప్పజాలము. కాని కొన్ని గడియలు ఏండ్లు గడచినను మనస్సును వీడవు. ఒక పెద్ద వార్త చెవినబడిన క్షణమున మనమెక్కడ నుంటిమి, ఎవరు చెప్పిరి, చేతిలో నేమున్నది యను సంగతులు సైతము నిన్నటివలె దోచును. 1948 జనవరి 30వ తేదీన గాంధీమహాత్ముని మరణవార్త విన్న పెద్దలు, ఆ రాత్రి తమ యింట పొయ్యి రాజలేదని చెప్పుచుండగా మేము చిన్ననాట వింటిమి. తరువాతి తరమువారు 1984 అక్టోబరు 31వ తేదీని గూర్చియు, 1991 మే 21వ తేదీని గూర్చియు అట్లే చెప్పుదురు. నల్లమల యడవులలో ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరు జాడ తెలియకపోయిన 2009 సెప్టెంబరు 2వ తేదీ మా సీమలో నేటికిని పచ్చిగానే యున్నది.

ఇట్టి జ్ఞాపకములను చరిత్ర యెంతవఱకు నమ్మవచ్చును? నమ్మరాదన్నచో వానిని పాఱవేయవలసినదేనా? ఈ ప్రశ్నలు మాకు పుస్తకములవలన కలుగలేదు. తరగతిగదిలో నొక బాలిక వలన కలిగినవి. ముందుగా నా సంగతి విన్నవింతుము.

మాకు పండ్రెండవ యేట రాజీవగాంధీగారు హత్యకు లోనైరి. ఆ వార్త తెలిసిన తీరు మాకు కన్నులకు గట్టినట్లుండెడిది. మధ్యాహ్నపు బడి నడుచుచుండగా అకాలమున పొడుగుగంట మ్రోగినది. పెద్ద ఉపాధ్యాయులొకరు వరండాలో నిలిచి, కండువాతో కన్నులొత్తుకొనుచు, ఇండ్లకు పొండని చెప్పిరి. బజారులో అంగళ్ల తలుపులు దడదడ మూసికొనుచుండెను. చరిత్రపాఠమున ఆ ఘట్టము వచ్చినప్పుడెల్ల మేమీ కథను విద్యార్థులకు చెప్పుచు వచ్చితిమి. ఒక సంవత్సరము కడపటి బల్లమీద కూర్చున్న బాలిక లేచి, “సార్, మే నెలలో మీకు వేసవి సెలవులు లేవా?” అని యడిగినది. తరగతి నవ్వినది. మేము మాత్రము నవ్వలేకపోతిమి. మే 21వ తేదీకి మా సీమలో ఏ బడియు తెఱచియుండదు.

ఆ సాయంకాలమే మా అన్నగారి నడిగితిమి. ఆయన చెప్పినదిది: ఆ గంట ఇందిరాగాంధీగారు మరణించిన నాటిది, అప్పటికి మాకైదేండ్లు, మమ్ము చంకనెత్తుకొని యింటికి దెచ్చినది తామే. గంట నిజము, కన్నీరు నిజము, మూతపడిన యంగళ్లు నిజము. అవి యే దినమునకు జెందినవో యదియే అబద్ధము. అయినను నేటికిని కన్నులు మూసికొన్నచో మాకు 1991నాటి బడియే కనబడును. తప్పని తెలిసినను ఆ బొమ్మ చెరగలేదు.

ఈ విషయమున పాశ్చాత్య పండితులు చాల కాలమునుండి పరిశ్రమ చేసియున్నారు. అమెరికా అధ్యక్షుడు లింకను 1865లో హత్యచేయబడెను. ముప్పదిమూడేండ్ల పిమ్మట కోల్‌గ్రోవ్ అను పండితుడు 179 మంది పెద్దలను, ఆ వార్త విన్నప్పుడు మీరెక్కడ నుంటిరని ప్రశ్నించెను. 127 మంది స్థలమును, సమయమును, చెప్పినవారిని సైతము వివరముగా పేర్కొనిరి. 1977లో బ్రౌన్, కూలిక్ అను నిరువురు ఇట్టి జ్ఞాపకమునకు ‘ఫ్లాష్‌బల్బ్ జ్ఞాపకము’ అని పేరిడిరి. చీకటిలో తటాలున వెలుగు వెలిగించి ఛాయాచిత్రము తీసినట్లు, మనస్సు ఆ క్షణమును ఉన్నదున్నట్లు పట్టి యుంచునని వారి భావము.

అంత గట్టినమ్మకము నిలువలేదు. 1986 జనవరి 28వ తేదీన ఛాలెంజర్ అను ఆకాశనౌక పైకెగిరిన డెబ్బదిమూడు సెకండ్లకే పేలిపోయినది. మఱునాడే నైసర్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు, ఆ వార్త ఎట్లు తెలిసినదో 106 మంది విద్యార్థులచేత వ్రాయించి, ఆ కాగితములు భద్రపఱచెను. రెండున్నర యేండ్ల తరువాత వారిలో 44 మందిని మఱల నదే ప్రశ్న యడిగిరి. నాలుగవవంతు మంది చెప్పిన దానిలో ఒక్క ముఖ్యాంశమును మొదటి వ్రాతతో సరిపోలేదు. అయినను వారు తొట్రుపడక చెప్పిరి. తమ చేవ్రాతనే తమకు జూపినను, పాతజ్ఞాపకము తిరిగి రాలేదు. జ్ఞాపకమున తేటదనము వేఱు, సత్యము వేఱని దీనివలన స్పష్టమైనది.

మన శాస్త్రకారులకిది క్రొత్త సంగతి కాదు. పతంజలి స్మృతిని నిర్వచించుచు, అనుభవించిన విషయము మనస్సునుండి జారిపోకుండుటయే స్మృతి యనెను. తార్కికులో, స్మృతిని ప్రమాణజ్ఞానముగా నంగీకరింపక, యథార్థస్మృతి, అయథార్థస్మృతి యని రెండుగా విభజించిరి. పాఠశాలలో తర్కసంగ్రహము వల్లెవేయునాడు ఈ విభాగము మాకు శుష్కముగా దోచినది. ఆ బాలిక ప్రశ్నతో దాని యర్థము తెలిసినది.

ఇక మా సీమ సంగతికి వత్తము. అనంతపురపు మెట్టభూమి సామాన్యమైన నేల కాదు. నైరృతి మేఘములు పడమటి కనుమల కవ్వలనే కురిసి, ఖాళీ చేతులతో ఇటు వచ్చును. ఈశాన్య మేఘములు తూర్పుతీరము దాటి యింత దూరము వచ్చుసరికి సత్తువ యుడుగును. సంవత్సరమంతయు కలిపి సగటున కురియునది సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు వేళకు రాదు. ఇట్టి నేలమీద నివసించువారికి కాలగణనము రాజుల పేళ్లతో గాక కరువుల పేళ్లతో జరుగుట వింత కాదు. పుట్టినతేదీ తెలియని పెద్దలు, ‘కరువుకు ముందు పుట్టినవాడను’, ‘గంజి కేంద్రములనాటికి నడచుచుంటిని’ అని చెప్పుచుండిరి. ఆ కరువులలోనెల్ల పెద్దది ధాత కరువు.

ధాత యనునది అఱువది సంవత్సరముల చక్రమున పదియవది. 1876-77 సంవత్సరము ధాత, తరువాతిది ఈశ్వర. 1876లో రెండు ఋతుపవనములును దక్షిణదేశమును మోసగించినవి. నాటికి అనంతపురము ప్రత్యేకజిల్లా కాదు. బళ్లారి జిల్లాలోని భాగము. 1882లో గాని వేఱుపడలేదు. మద్రాసునుండి రాయచూరునకు బోవు రైలుమార్గము 1871 నాటికే గుత్తి మీదుగా వేయబడియుండెను. కావున ధాన్యము రాలేదనుటకు వీలులేదు. ధాన్యము వచ్చెను, కొనుటకు జనుల చేత కాసులు లేవు. పంట లేనివానికి కూలి లేదు. కూలి లేనివానికి అంగడిలో బస్తాలు కొండవలె బడియున్నను ఏమి ప్రయోజనము? కరువనగా తిండి లేకపోవుట మాత్రమే కాదు, ఉన్న తిండిని పొందు శక్తి లేకపోవుటయని అమర్త్యసేనుగారు 1981లో వెలువడిన తమ గ్రంథమున నిరూపించిరి. ఆ సత్యమును మా పూర్వులు గుత్తి స్టేషనువద్దనే కనుగొనియుందురు.

1877 జనవరి 1వ తేదీన, కరువు ముదిరియుండగా, వైస్రాయి లిట్టన్ ప్రభువు ఢిల్లీలో మహాదర్బారు జరిపి విక్టోరియారాణిని భారతచక్రవర్తినిగా ప్రకటించెను. ఆ నెలలోనే సర్ రిచర్డ్ టెంపుల్ కరువుపనుల తనిఖీకై మద్రాసు రాజధానికి పంపబడెను. ఖర్చు తగ్గింపవలెనను దృష్టితో ఆయన, కరువుపనిలో మట్టి మోయు పురుషునకు దినమునకొక పౌను ధాన్యము, దానిపై కొంచెము రొక్కము మాత్రమే చాలునని నిర్ణయించెను. ఆ కొలతతో కష్టపడువాని దేహము నిలువదని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ గట్టిగా నాక్షేపించెను. కొన్ని మాసములకు కూలి పెంచక తప్పలేదు; కాని యాలోపల నెందఱు మట్టితట్టలక్రిందనే నేలగూలిరో! తిండి లేని దేహములపై విషూచి, మశూచి, జ్వరములు విజృంభించెను. బ్రిటిషు పాలనలోని ప్రాంతములలో మృతులు యాభై లక్షలకు మించిరని తరువాతి కమిషనువారి యంచనా. కర్నూలు జిల్లాలో 1871లో 9 లక్షల 14 వేలుగా నున్న జనసంఖ్య 1881 నాటికి 6 లక్షల 78 వేలకు దిగినది. మా తాలూకాలలోను సుమారు ఐదవవంతు జనము తఱిగిరి. జనాభా లెక్కలలో ఇవి అంకెలు. ఆ యంకెల వెనుక నున్నవారి పేళ్లు ఆ పుస్తకములలో లేవు.

ఆ పేళ్లెక్కడనైన మిగిలినవా? దీనికి సమాధానముగా మా యింటి సంగతి యొకటి చెప్పవలసియున్నది.

మా యవ్వ ప్రతిదినము ఉదయమున పొయ్యి వెలిగింపకమునుపు, ఆనాటి వంటకు దీసిన ధాన్యమునుండి పిడికెడు తీసి, అటుకమీది చిన్నకుండలో వేయుచుండెను. జొన్నలైన జొన్నలు, కొఱ్ఱలైన కొఱ్ఱలు, రేషను బియ్యమైన నవియే. అది దేవునికో, భిక్షకులకో యని మేమనుకొంటిమి. 1996లో ఉగాదినాటి సాయంకాలము గుడిలో పంచాంగశ్రవణము జరుగుచుండెను. పురోహితులు క్రొత్తయేడు ‘ధాత నామ సంవత్సర’ మనుటతోడనే మా యవ్వ కొంగు తలమీదికి లాగికొని, ఫలము వినకుండ లేచి యింటికి వచ్చినది. మఱునాడు కుండలో ఒక పిడికిలికి బదులు రెండు పిడికిళ్లు వేసినది. ఎందుకవ్వా యని యడిగితిమి.

“మా జేజి పెట్టమనె, నేను పెడతాండా,” అనినది. కొంతసేపటికి తానే కథ యెత్తుకొన్నది.

ఆమె జేజికి ధాత కరువునాటికి పదునొకండేండ్లు. గొడ్లు చచ్చినవి, ఇల్లు విడిచిరి, గుత్తి త్రోవ బట్టిరి. అడవిగడ్డలు, జెముడుపండ్లు తినిరి. స్టేషనువద్ద ధాన్యపుమూటలు గుట్టలుగా నుండగా జవానులు కఱ్ఱలతో కావలి గాచుచుండిరట. త్రోవలో ఆమె చిన్నతమ్ముడు పోయెను. గుంట త్రవ్వు సత్తువ యెవరికిని లేక మీద రాళ్లు పేర్చి కదలిరి. ఆ కరువు పండ్రెండేండ్లుండినదనియు, మిలిటరీవారు వచ్చి బావి త్రవ్వి, గంజి పోయించిరనియు మా యవ్వ చెప్పినది.

ఈ కథను చరిత్రకారుని కన్నుతో చూచినచో రెండు తప్పులు వెంటనే కనబడును. ధాత కరువు పండ్రెండేండ్లది కాదు, రెండేండ్లది. సైనికులు వచ్చి బావులు లోతుచేసిన సంగతి 1952నాటి రాయలసీమ కరువునకు జెందినది. నాడే ఊరూర గంజికేంద్రములు వెలసెను. అప్పటికి మా యవ్వ బిడ్డలతల్లి. ఆ గంజి ఆమెయే త్రాగియుండును. జేజి కరువును, తన కరువును ఆమె మనస్సు ఒక్కటిగా ముడివేసినది. మేము 1984 గంటను 1991లో మ్రోగించితిమి గదా, ఇదియు నట్టిదే. విచిత్రమేమనగా, 1952-53 సంవత్సరము నందన; అంతకు నూటయిరువది యేండ్లకుముందు 1832-33లో గుంటూరు ప్రాంతమును తుడిచిపెట్టిన మహాక్షామమును గూడ పెద్దలు నందన కరువనియే పిలిచిరి. పేళ్లు తిరిగి తిరిగి వచ్చు పంచాంగమున జ్ఞాపకములు కలిసిపోవుట సులభము. అంతమాత్రమున ఆ పేరే కరువు దెచ్చుననుట పొరపాటు. 1996-97 ధాతలో మా యవ్వ భయపడినట్లు ఊరు పాడుపడలేదు.

ఇప్పుడు తప్పులు తీసివేసి మిగిలినది చూడుడు. ధాన్యపుమూటలు, కావలి కఱ్ఱలు, కొనలేని జనము: ఇది కమిషనువారి నివేదికలును, సేనుగారి శాస్త్రమును చెప్పు సత్యమే. రాళ్లక్రింద విడువబడిన బాలుడు: ఇది యే నివేదికలోను లేని సత్యము. అన్నిటికంటె ముఖ్యము, పిడికెడు గింజలు. ఆ కుండ కథ చెప్పదు గనుక తేదీలలో తప్పదు. నూటయిరువదేండ్లు నలుగురు స్త్రీల చేతులమీదుగా ఆ భయము, ఆ వివేకము రెండును మా వంటయింటికి వచ్చినవి. జ్ఞాపకము కాలమును తప్పు చెప్పవచ్చును. గాయము చోటును మాత్రము తప్పక చూపును. కావున చరిత్రకారుడు కాలమునకై కాగితమును, గాయమునకై మనుష్యులను అడుగవలెను. ఒకదానికై రెండవదానిని పాఱవేయరాదు.

ఆనాడు మేము, “ఆ బిడ్డ పేరేమవ్వా?” యని యడిగితిమి. “పేరు చెప్పలేదు నాయనా. అడిగితే ఏడుస్తాండె. మేము అడిగేది మానుకొంటిమి,” అనినది. ఆ పేరు తెలిసిన కడపటి మనిషి మేము పుట్టకమునుపే గతించినది. మా వంశమున ఒక బాలుడు ఆకలితో చనిపోయెను, వానికి పేరులేదు. అడుగవలసిన కాలమున ఎవరును అడుగలేదు. ఆ తప్పు ఏ దొరదియు కాదు, మాదే.

మా సీమలో పేరు మిగిలిన స్త్రీ యొకతె కలదు. అనంతపురమునకు చేరువ బుక్కరాయసముద్రపు చెఱువుకట్ట తెగబోగా, ఊరిని గాచుటకై ఆత్మబలి యిచ్చిన ముసలమ్మ కథ యెఱుగనివారు లేరు. ఆమె బసిరెడ్డి యింటి కోడలు. బ్రౌనుదొరగారు 1853లో అచ్చువేయించిన అనంతపుర చరిత్రము నాధారము చేసికొని కట్టమంచి రామలింగారెడ్డిగారు తమ విద్యార్థిదశలోనే ‘ముసలమ్మ మరణము’ అను కావ్యమును వ్రాసిరి. జనులామెను నేటికిని కొలుచుచున్నారు. ఆ త్యాగమును మేమును గౌరవింతుము. కాని యొక మాట యడుగక తప్పదు. కట్ట తెగబోవు నాటివఱకు మరమ్మతు చేయింపనివారెవరు? ఊరిని గాచుటకు కోడలే యేల కావలసి వచ్చినది? కథ దీనిని అడుగదు. పూజచేయు జ్ఞాపకము కన్నీటిని మాత్రము నిలుపును. విచారించు జ్ఞాపకము కట్టను నిలుపును. ముసలమ్మకు మ్రొక్కి, పూడిపోయిన చెఱువులను పట్టించుకొనకుండుట ఆమెకు గౌరవము కాదు.

విచారించిన జ్ఞాపకమునకు ఫలము గలదనుటకు నిదర్శనము మన కన్నులయెదుటనే యున్నది. ధాత కరువు మరణముల పిమ్మట ప్రభుత్వము క్షామవిచారణసంఘమును నియమించినది. దాని నివేదికపై 1880 తరువాత కరువు నిబంధనావళులు పుట్టినవి. వర్షము తప్పినప్పుడు పని కల్పించుట అధికారుల దయ కాదు, విధి యను భావమున కవి యంకురములు. అవి చాల లోపములు గలవే. అయినను మూలము చావులనుండి నేర్చిన పాఠమే. 2006 ఫిబ్రవరి 2వ తేదీన గ్రామీణ ఉపాధి హామీ పథకమును ప్రధానమంత్రి మన్మోహన్‌సింగుగారు దేశమున తొలుత ప్రారంభించినది మా జిల్లాలోనే, నార్పల మండలపు బండ్లపల్లెలో. పని యడుగుట హక్కని చట్టము చెప్పిన ఆ దినమున మాకు టెంపుల్‌దొర కొలిచిన పౌను ధాన్యము గుర్తునకు వచ్చినది. మా యవ్వ అప్పటికి రెండేండ్లక్రితమే గతించినది. ఉండియుండిన యెడల, కుండలో పిడికెడు వేయుట మానియుండెడిది కాదు. మానుమని మేమును చెప్పియుండము.

పాఠకులకు మా మనవి చిన్నది. ప్రతి కుటుంబమునను మఱపురాని గడియలు గల పెద్దలున్నారు. 1952నాటి గంజికేంద్రపు వరుసలో నిలిచినవారు నేడు ఎనుబదిదాటి యున్నారు. వారిని ఈ నెలలోనే అడుగుడు. చెప్పినది చెప్పినట్లు, వారి మాటలలోనే వ్రాయుడు. తప్పనిపించినను అడ్డుపడకుడు, సవరణ ప్రక్కపుటలో వేఱుగా వ్రాసికొనుడు. ‘మీరు చూచితిరా, ఒకరు చెప్పగా వింటిరా?’ యని మాత్రము తప్పక యడుగుడు. సగము చిక్కు దానితోనే విడిపోవును. మగవారిని మాత్రమే యడిగి విరమింపకుడు. కరువున ఎవరు తినిరో, ఎవరు తినక తిన్నామనిరో వంటయింటివారికే తెలియును. చనిపోయిన బిడ్డల పేళ్లడుగుడు. వారు కన్నీరు పెట్టినచో ఆనాటికి ఆగి, మఱియొకనాడు మెల్లగా నడుగుడు. కాని యడుగుట మానకుడు. వ్రాసినదాని క్రింద తేదీ వేయుడు. నైసరుగారి విద్యార్థులవలె మనమును రేపు మఱొక విధముగా చెప్పుదుము. నేటి కాగితమే మనలను దిద్దును.

మా తరగతి పిల్లలు ఈ పని మొదలుపెట్టిరి. మే నెల సెలవులను గూర్చి మమ్ము ప్రశ్నించిన ఆ బాలిక తన యవ్వనుండి నాలుగు పుటలు వ్రాసి తెచ్చినది. అందు 1952లో చనిపోయిన యొక పసిబిడ్డ పేరున్నది. అది వారి యింటి సొత్తు గనుక ఇచట వ్రాయము. కాని యా పేరు ఇక పోదు.